సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషిన్‌కి పవర్‌ఫుల్ మోటార్, ఈఎస్పీ32 కంట్రోల్: 6,200 రూపాయల్లో ఫుల్ అప్‌గ్రేడ్

పాత ఫోన్‌కి కస్టమ్ రామ్ వేస్తాం. నత్తలా నడిచే ల్యాప్‌టాప్‌కి ఎస్ఎస్డీ పెట్టి ఇంకో మూడేళ్లు లాగిస్తాం. వాషింగ్ మెషిన్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఇక కొత్తది కొనేద్దాం" అనేస్తాం. నిజానికి మన ఇళ్లలో మోడ్ చేయడానికి సెమీ ఆటోమేటిక్ మెషిన్ అంత వీలైన వస్తువు ఇంకోటి లేదు. వెనక మూత విప్పితే రెండు మోటార్లు, కెపాసిటర్లు, రెండు టైమర్లు, ఒక బెల్టు. లాక్ చేసిన ఫర్మ్‌వేర్ లేదు, బూట్‌లోడర్ గొడవ లేదు.

నేను మోడ్ చేసింది తెనాలి దగ్గర మా ఊళ్లో అమ్మ వాడే 7 కిలోల ట్విన్ టబ్ మెషిన్. వయసు పదకొండేళ్లు. వాష్ టైమర్ స్ప్రింగ్ పోయింది. మోటార్ బుష్ అరిగిపోయి, దుప్పటి వేస్తే "మ్మ్..." అని మూలగడం తప్ప తిరగడం లేదు. స్పిన్ మాత్రం బంగారంలా పనిచేస్తోంది. మోకాళ్ల నొప్పులున్న మనిషి రెండు వారాలుగా పెరట్లో రాయి మీద దుప్పట్లు ఉతుకుతోంది. నేనుండేది హైదరాబాద్‌లో. అందుకే ఈ ప్రాజెక్ట్‌కి నేను పెట్టుకున్న రూల్ ఒక్కటే: నేను పక్కన లేనప్పుడు కూడా అమ్మ ఒక్కతే భయం లేకుండా వాడగలగాలి. కింద మీరు చూసే ప్రతి నిర్ణయం వెనక ఆ రూలే ఉంది.

మోటార్ కొనేముందు 150 రూపాయల టెస్ట్

మెషిన్ వీక్ అయిందనగానే మోటార్ కొనేయకండి. ముందు కెపాసిటర్ చూడండి. వాష్ మోటార్ సింగిల్ ఫేజ్ ఇండక్షన్ మోటార్. లోపలున్న రెండు వైండింగ్‌లలో ఒకదానికి కరెంటు కెపాసిటర్ ద్వారా వెళ్తేనే తిరిగే అయస్కాంత క్షేత్రం పుడుతుంది. 10 మైక్రోఫారడ్ అని రాసున్న కెపాసిటర్ మీటర్‌లో 7 చూపిస్తే మోటార్ స్టార్టింగ్ అక్కడే సగం చచ్చిపోయినట్టు. చాలా మెషిన్లు కొత్త కెపాసిటర్‌తోనే లేచి కూర్చుంటాయి.

కొందరు మెకానిక్‌లు "పెద్ద కెపాసిటర్ వేస్తే పవర్ పెరుగుద్ది" అంటారు. కాసేపు పెరిగినట్టే ఉంటుంది, కానీ వైండింగ్‌లో కరెంటు కూడా పెరిగి మోటార్ వేడెక్కుతుంది. నేమ్‌ప్లేట్ మీద ఎంత రాసుంటే అంతే వేయాలి.

రెండో విలన్ వోల్టేజ్. ఇండక్షన్ మోటార్ టార్క్ వోల్టేజ్ వర్గాన్ని బట్టి మారుతుంది. 230 వోల్టుల దగ్గర 100 శాతం టార్క్ ఇచ్చే మోటార్, 180 వోల్టుల దగ్గర ఇచ్చేది 61 శాతమే. వోల్టేజ్ తగ్గింది 22 శాతం, బలం తగ్గింది 39 శాతం. వేసవి సాయంత్రాల్లో మా ఇంట్లో మీటర్ 180 దగ్గరే ఆడుతుంది. మీ మోటార్ ఆరోగ్యంగా ఉండి సమస్య వోల్టేజ్ ఒక్కటే అయితే, మంచి స్టెబిలైజర్ కొని ఈ ఆర్టికల్ ఇక్కడితో ఆపేయొచ్చు. మా కేసులో మోటారూ టైమరూ రెండూ పోయాయి కాబట్టి ముందుకెళ్లాం.

కొత్త మోటార్: బలం పెంచాం, స్పీడ్ కాదు

పాత మోటార్ నేమ్‌ప్లేట్ మీద ఇన్‌పుట్ 340 వాట్లు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో తీసుకున్నది 460 వాట్ల కాపర్ వైండింగ్ మోటార్. కొనేటప్పుడు నాలుగు విషయాలు మ్యాచ్ అవ్వాలి: బోల్టు రంధ్రాల మధ్య దూరం, షాఫ్ట్ మందం, షాఫ్ట్ పొడవు, రెండు వైపులా సమానంగా తిరిగే వైండింగ్. పాత మోటార్‌ని సంచిలో వేసుకుని షాపుకి తీసుకెళ్లడం బెస్ట్. మోటార్‌తో పాటు దాని నేమ్‌ప్లేట్‌లో ఉన్న విలువకి సరిపడే 440 వోల్టుల ఏసీ కెపాసిటర్ కూడా తీసుకున్నాను.

రెండూ నాలుగు పోల్ మోటార్లే. 50 హెర్ట్జ్ సప్లై మీద నాలుగు పోల్ మోటార్ 1500 ఆర్పీఎం దాటదు, లోడ్ మీద 1400 చుట్టూ ఉంటుంది. అంటే వాట్లు పెరిగినా పల్సేటర్ స్పీడ్ దాదాపు అంతే. పెరిగేది టార్క్. మనకి కావాల్సిందీ అదే.

"పుల్లీ కొంచెం పెద్దది వేసి స్పీడ్ కూడా పెంచొచ్చుగా?" అని మీకు అనిపించొచ్చు. నీళ్లలో తిరిగే వస్తువుకి కావాల్సిన పవర్ దాదాపు స్పీడ్ ఘనాన్ని బట్టి పెరుగుతుంది. స్పీడ్ 20 శాతం పెంచితే పవర్ సుమారు 73 శాతం ఎక్కువ కావాలి. పెంచిన మోటార్ బలమంతా అక్కడే ఖర్చయిపోతుంది, పైగా బట్టలు తాడులా మెలిపడతాయి. అందుకే పాత పుల్లీనే కొత్త షాఫ్ట్‌కి ఎక్కించి, బెల్టు మాత్రం కొత్తది వేశాను. బెల్టు టెన్షన్ వేలితో నొక్కితే సెంటీమీటర్ దాకా లోపలికి వెళ్లేలా పెట్టాను.

స్పిన్ మోటార్ జోలికి ఎందుకు వెళ్లలేదు?

మోడ్ అనగానే అందరి కన్నూ పడేది స్పిన్ మీదే. చిన్న లెక్క చూడండి. స్పిన్ టబ్ వ్యాసార్థం 12 సెంటీమీటర్లు, వేగం 1350 ఆర్పీఎం అనుకుంటే గోడ దగ్గర బట్టల మీద పడే బలం గురుత్వాకర్షణకి సుమారు 245 రెట్లు. ఒకవైపు 200 గ్రాముల తడి బట్ట ఎక్కువైతే, ఆ టబ్‌ని పక్కకి లాగే బలం 49 కిలోల బరువుతో సమానం. ఇప్పుడు రెండు పోల్ మోటార్ వేసి స్పీడ్ రెట్టింపు చేశారనుకోండి, బలం నాలుగు రెట్లవుతుంది. అంటే 196 కిలోలు. ప్లాస్టిక్ టబ్, మూడు స్ప్రింగులు, ఒక రబ్బర్ సీల్ దాన్ని తట్టుకోలేవు. టబ్ పగిలితే ముక్కలు వచ్చేది పక్కన నిలబడ్డ మనిషి మీదకే.

స్పీడ్ మార్చకుండా అదే నాలుగు పోల్‌లో ఎక్కువ వాట్లు వేసినా లాభం లేదు. టాప్ స్పీడ్ అదే, కాకపోతే అక్కడికి కొన్ని సెకన్లు ముందు చేరుతుంది. అందుకే స్పిన్ మోటార్, మూత తీస్తే కరెంటు ఆపే స్విచ్, బ్రేక్ వైరు, ఆ వైపు టైమర్: వీటిలో ఒక్క స్క్రూ కూడా కదపలేదు. మీరూ కదపకండి.

కంట్రోల్ బోర్డు: రెండు రిలేలు, ఒక స్టేట్ మెషిన్

పాత క్లాక్‌వర్క్ టైమర్ స్థానంలో ఈఎస్పీ32 వచ్చింది. వైరింగ్‌లో ఒక్క పాయింట్ చాలా ముఖ్యం. మోటార్‌ని రెండు వైపులా తిప్పడానికి చాలా వీడియోల్లో ముందుకి ఒక రిలే, వెనక్కి ఒక రిలే వాడతారు. కోడ్‌లో బగ్ వచ్చి రెండూ ఒకేసారి ఆన్ అయితే కెపాసిటర్ షార్ట్ అవుతుంది. నేను ఒక రిలే కేవలం ఆన్/ఆఫ్‌కి, ఇంకోటి చేంజోవర్ రిలే కేవలం దిశకి వాడాను. చేంజోవర్ రిలే కాంటాక్ట్ ఏ క్షణంలోనైనా ఒకవైపే ఉంటుంది. కాబట్టి నా కోడ్ ఎంత చెత్తగా ఉన్నా రెండు దిశలూ ఒకేసారి ఆన్ అవ్వవు. సాఫ్ట్‌వేర్ వాడిగా చెప్తున్నా, ఇలాంటి చోట సాఫ్ట్‌వేర్‌ని నమ్మకూడదు.

క్రమం ఇది: పవర్ రిలే ఆఫ్, 4 సెకన్లు ఆగడం, దిశ రిలే మార్చడం, మళ్లీ పవర్ రిలే ఆన్. దిశ రిలే ఎప్పుడూ కరెంటు లేనప్పుడే కదులుతుంది కాబట్టి దాని కాంటాక్ట్‌ల దగ్గర స్పార్క్ రాదు. పవర్ రిలే కాంటాక్ట్‌ల మీద 100 ఓమ్, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 స్నబ్బర్ పెట్టాను. స్టార్టింగ్‌లో మోటార్ నాలుగైదు రెట్లు కరెంటు లాగుతుంది, అందుకే చిన్న నీలం రంగు 10 ఆంపియర్ రిలేలు కాకుండా 30 ఆంపియర్‌వి తీసుకున్నాను.

ఈఎస్పీ32 బూట్ అయ్యేటప్పుడు కొన్ని పిన్‌లు క్షణకాలం హైకి వెళ్తాయి. రిలే డ్రైవర్ ఇన్‌పుట్‌లకి పుల్‌డౌన్ రెసిస్టర్లు పెట్టాలి, బూట్‌తో సంబంధమున్న 0, 2, 5, 12, 15 పిన్‌లు రిలేకి వాడకపోవడమే మంచిది. వాచ్‌డాగ్ టైమర్ ఆన్‌లో ఉంచాలి.

ప్రోగ్రామ్‌లు మూడు, బటన్‌లూ మూడు. మీద తెలుగులో స్టిక్కర్లు.

చీరలు: 4 సెకన్లు తిరిగి 6 సెకన్లు ఆగుతుంది.
మామూలు బట్టలు: 12 సెకన్లు తిరిగి 4 సెకన్లు ఆగుతుంది, మొత్తం 15 నిమిషాలు.
దుప్పట్లు: ముందు 20 నిమిషాలు నానబెట్టి, మధ్యమధ్యలో ఒక్కో తిప్పు, తర్వాత మామూలు వాష్.

కోడ్ మొదలుపెట్టేముందే అమ్మ ఒక రిక్వైర్‌మెంట్ ఇచ్చింది: "అయిపోయిందని నీ ఫోన్‌కి చెప్తే నాకేం లాభం నాన్నా? వంటింట్లో ఉన్నా నాకు వినపడాలి." అందుకే గట్టి బజర్ పెట్టాం. వైఫై ద్వారా నాకు స్టేటస్ మాత్రం వస్తుంది. హైదరాబాద్ నుంచి స్టార్ట్ చేసే ఆప్షన్ కావాలనే పెట్టలేదు. టబ్‌లో ఎవరి చెయ్యి ఉందో నా యాప్‌కి తెలియదు కదా. వైఫై లేకపోయినా బటన్‌లు మామూలుగానే పనిచేస్తాయి.

నేను ఊళ్లో లేనప్పుడు ఏం జరుగుతుంది?

కరెంటు పోయి వస్తే: మెషిన్ తనంతట తాను మొదలవదు. ఎంతసేపు మిగిలిందో మెమరీలో ఉంటుంది, బటన్ నొక్కితే అక్కడి నుంచి సాగుతుంది.

మోటార్ జామ్ అయితే: పీజెడ్ఈఎమ్ 004టీ మాడ్యూల్ వోల్టేజ్, కరెంటు, పవర్ చదువుతూ ఉంటుంది. స్టార్ట్ అయిన 2 సెకన్ల తర్వాత కూడా కరెంటు దిగకపోతే పవర్ రిలే ఆఫ్, బజర్ ఆన్. వోల్టేజ్ 170 కంటే తక్కువుంటే అసలు స్టార్టే అవ్వదు. వీటన్నిటికీ వెనక మోటార్‌లోని థర్మల్ ప్రొటెక్టర్ ఎలాగూ ఉంది.

నీళ్లు పొంగితే: నీటి వాల్వ్ కరెంటు ఉంటేనే తెరుచుకునే రకం. టబ్ నిండగానే ప్రెషర్ స్విచ్ నేరుగా వాల్వ్ కరెంటు కట్ చేస్తుంది, మధ్యలో కోడ్ ప్రమేయం లేదు. ఇలాంటి వాల్వ్‌లకి కొంత ప్రెషర్ కావాలి, ట్యాంకు కనీసం 2 మీటర్ల ఎత్తులో ఉండేలా చూసుకోండి.

రిలే అతుక్కుపోతే: ఎర్ర ఎమర్జెన్సీ స్విచ్ ఫేజ్ వైరుని నేరుగా తెంపుతుంది. అమ్మకి నేర్పిన మొదటి విషయం ఇదే.

షాక్ కొడితే: ఇది అన్నిటికంటే పెద్ద భయం. తడి చేతులు, తడి నేల, 230 వోల్టులు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ టెస్ట్ చేయించి, ఆ లైన్‌కి 30 మిల్లీ ఆంపియర్ ఆర్సీసీబీ పెట్టించాం. కొత్త మోటార్ బాడీకి ఎర్త్ వైరు విడిగా బిగించాం. బోర్డుకి పవర్ ఇచ్చేది ఐసోలేటెడ్ మాడ్యూల్, బోర్డంతా వాటర్‌ప్రూఫ్ బాక్స్‌లో, మెషిన్ మీద కాకుండా పక్క గోడకి నీళ్లు చిమ్మని ఎత్తులో ఉంది.

ఖర్చు

మోటార్: 1,450
కెపాసిటర్: 150
ఈఎస్పీ32: 450
పవర్ మీటర్ మాడ్యూల్: 750
రెండు రిలేలు: 300
5 వోల్టుల సప్లై: 250
వాల్వ్, ప్రెషర్ స్విచ్: 600
బాక్స్, బటన్‌లు, ఫ్యూజ్, స్నబ్బర్, బజర్: 450
ఆర్సీసీబీ: 1,500
వైర్లు: 300
మొత్తం: రూ. 6,200

ఎలక్ట్రానిక్ పార్ట్స్ చాలావరకు కోఠి గుజరాతీ గల్లీలో దొరికాయి. కోడ్‌కి రెండు వీకెండ్‌లు, ఫిట్టింగ్‌కి ఒక రోజు పట్టింది.

రిజల్ట్ ఎలా ఉంది?

182 వోల్టుల దగ్గర తడిసిన డబుల్ బెడ్ దుప్పటితో మోటార్ మొదటి ప్రయత్నంలోనే తిరిగింది. అదే వోల్టేజ్‌లో పాతది మూలిగేది. 15 నిమిషాల మామూలు వాష్‌కి అయ్యే కరెంటు సుమారు 0.08 యూనిట్, అంటే బిల్లులో తేడా కనిపించదు. నాలుగు నెలలుగా వారానికి మూడుసార్లు వాడుతున్నారు.

మైనస్‌లూ ఉన్నాయి. శబ్దం కొంచెం పెరిగింది. డ్రెయిన్ నాబ్ ఇంకా చేత్తోనే తిప్పాలి. బట్టలు స్పిన్‌లోకి మార్చే పని అలాగే ఉంది. వారంటీ ఇంకా ఉన్న మెషిన్‌ని ఇలా విప్పితే దాని మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఎవరు చేయొచ్చు?

వారంటీ దాటిన ట్విన్ టబ్, పాడైన టైమర్ లేదా మోటార్, మల్టీమీటర్ వాడటం వచ్చిన చేతులు: ఈ మూడూ ఉంటే బేషుగ్గా చేయొచ్చు. 230 వోల్టుల వైరింగ్ ఇదే మొదటిసారి అయితే కోడ్ మీరు రాయండి, వైర్లు ఎలక్ట్రీషియన్‌తో వేయించండి. ఫ్రంట్ లోడ్, ఇన్వర్టర్ టాప్ లోడ్ మెషిన్లలో మోటార్ పెంచే ఆలోచన వద్దు. అక్కడ డ్రమ్, బేరింగ్, సస్పెన్షన్, బ్యాలెన్స్ చూసే సాఫ్ట్‌వేర్ అన్నీ ఆ ఒక్క మోటార్‌కి లెక్కేసి కట్టినవి.

ఇల్లు అద్దెదై ఎర్తింగ్ ఉందో లేదో తెలియకపోతే, మోటార్ కొనడానికి ముందు ఆ సంగతి తేల్చుకోండి. ఆర్సీసీబీకి పెట్టే 1,500 దగ్గర కక్కుర్తి పడే పనైతే ఈ మోడ్ అస్సలు మొదలుపెట్టకండి.