అదను గల ఆట, అదను లేని ఆట

తొలకరి వేళ కర్నూలు, కడప జిల్లాల మెట్ట పల్లెలలో రైతుల నోట రెండు మాటలు తరచుగా వినబడును: అదను, పదును. అదననగా పనికి తగిన కాలము. పదుననగా విత్తనము మొలచుటకు చాలినంత తేమ నేలలో నుండుట. నేడు మన పిల్లలు సెల్‌ఫోనులలోను, కంప్యూటర్లలోను వ్యవసాయపు ఆటలాడుచున్నారు. దున్నుట, విత్తుట, నీరు పోయుట, కోయుట వానిలోను కలవు. అయితే ఆ ఆటలలో అదనును నిర్ణయించునది ఎవరు? అదను బొత్తిగా లేకున్న ఏమగును? ఈ ప్రశ్నలను విచారింతము.

జపానులో యసుహిరో వాడా రూపొందించిన ‘హార్వెస్ట్ మూన్’ అను ఆట 1996లో వెలువడినది. అందు ఆడువానికి ఆటలోని లెక్కన సుమారు రెండున్నర సంవత్సరముల గడువు కలదు. గడువు తీరగానే అతని పనికి తీర్పు చెప్పబడును; ఆట ముగియును. ఇరువది ఏండ్ల పిమ్మట, 2016లో, అమెరికాలో ఎరిక్ బరోన్ ఒంటరిగా తయారుచేసిన ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ వచ్చినది. ఇందు మూడవ సంవత్సరారంభమున తాతగారి ఆత్మ వచ్చి మనుమని సేద్యమును మదింపు చేయును. కాని ఆట అంతటితో ఆగదు. మదింపును మరల కోరవచ్చును; ఎన్ని సంవత్సరములైనను ఆడుకొనవచ్చును. 2009 నుండి 2020 వరకు నడచిన ‘ఫార్మ్‌విల్’ మూడవ రకము. అందలి పైరు మన గోడ గడియారము ననుసరించి పెరిగెడిది. స్ట్రాబెరీ నాలుగు గంటలకు పండెడిది. సకాలమున వచ్చి కోయకున్న వాడిపోయెడిది.

ముగింపు లేని ఆటలో గడువులే లేవని తలచరాదు. ‘స్టార్‌డ్యూ వ్యాలీ’లో సంవత్సరమునకు నాలుగు ఋతువులు, ఋతువునకు 28 దినములు. ఒక్కొక్క దినము మన కాలములో సుమారు 14 నిమిషములు. వసంతములో నాటు కాలీఫ్లవరు పండుటకు 12 దినములు పట్టును. 16వ దినమున నాటినచో 28వ దినమున కోతకు వచ్చును. 17వ దినమున నాటినచో ఋతువు మారి మొక్క చచ్చును. కావున మొత్తము ఆటకు హద్దు లేదు గాని, ప్రతి పంటకు హద్దు కలదు. దీనికి కారణము తేలికగా తెలియును. హద్దు ఏమాత్రము లేనిచో ఏది ముందు, ఏది వెనుక అను ఆలోచనకే పని ఉండదు. హద్దు మరీ బిగువైనచో తప్పు చేసి నేర్చుకొను ధైర్యము నశించును.

ఇక మన పొలములకు వత్తము. పత్తికొండ, పులివెందుల ప్రాంతముల ఎర్ర నేలలలో వేరుశనగ విత్తుదురు. ఈ నేల నీటిని ఎక్కువ కాలము పట్టి ఉంచలేదు. వాన వెలిసిన కొలది దినములకే పైమన్ను ఆరిపోవును. ఒక రైతుకు పది ఎకరములు కలవనియు, తన గొర్రుతో దినమునకు రెండెకరములు విత్తగలడనియు అనుకొందము. పదును నాలుగు దినములే నిలిచినచో ఎనిమిది ఎకరములే విత్తబడును. మిగిలిన రెండెకరములు మరియొక వానకై వేచియుండవలెను. ఆ వాన ఆలస్యమైనచో, ఊడలు దిగి కాయలూరు వేళకు తేమ చాలకపోవచ్చును. కోయిలకుంట్ల వైపు నల్లరేగడిలో వరుస వేరు. అది తేమను చాలకాలము దాచుకొనును. వానలు తగ్గిన పిదప, అక్టోబరు ప్రాంతమున విత్తిన శనగ ఆ నిల్వ తేమతోనే పెరుగును. అచ్చట నేల మరీ తడిగా ఉన్నను గొర్రు సాగదు.

ఆటలోని గడువును తయారుచేసినవాడు నిర్ణయించి ముందే తెలుపును. మరుసటి వసంతము తప్పక వచ్చును. అదియు 28 దినములే. మన పెద్దలు కూడ సంవత్సరమును 27 కార్తెలుగా విభజించిరి. ఒక్కొక్క కార్తె 13 లేక 14 దినములుండును. జూన్ 7, 8 తేదీల ప్రాంతమున మృగశిర ప్రవేశించును. కాని కార్తె తెలుపునది సూర్యుని స్థానమును. వాన పడు దినమును కాదు. కార్తె తప్పదు, వాన తప్పవచ్చును.

ఈ భేదమును తరగతిలోనే చూపవచ్చును. పదునాలుగు గుంటలు గల వామనగుంటల పీటను తీసికొనుడు. ఒక్కొక్క గుంట ఒక ఎకరము, చింతగింజ విత్తనము. మొదట గడువు లేకుండ, వంతునకు రెండు గుంటల చొప్పున నింపనిండు. ఏడు వంతులలో అందరి పొలములును నిండును. పిమ్మట పది చీటీలు వ్రాసి, నాలుగింటిపై ‘పదును ఆరినది’ అనియు, ఆరింటిపై ‘పదును ఉన్నది’ అనియు గుర్తింపుడు. ప్రతి వంతునకు ముందు ఒక చీటీ తీసి, చూచి, మరల కలిపివేయవలెను. ఆరిన చీటీ వచ్చినచో విత్తుట ఆగును. ఇట్లు ఇరువది మారులు ఆడి, నిండిన గుంటల సంఖ్యను పట్టికగా వ్రాయింపుడు. ఒకే విద్యార్థి, ఒకే శ్రద్ధతో ఆడినను, ఒకమారు ఎనిమిది గుంటలు నిండవచ్చును. ఒకమారు ఒక్కటియు నిండకపోవచ్చును.

గడువు లేని ఆట మంచిదే. అది తొందర లేకుండ పని వరుసను నేర్పును. కాని శ్రమించిన వానికెల్ల పంట చేతికి వచ్చునను భావము దానివలన బాలుని మనస్సులో నాటుకొనరాదు. అట్లు నాటుకొన్నచో, పైరు ఎండిన పొరుగు రైతును, తుదకు తన తండ్రినే, సోమరి యని తలచును. అందుచేత పట్టిక పూర్తియైన సాయంకాలము విద్యార్థులను ఇంటి పెద్దల నొక ప్రశ్న అడిగి రమ్మనుడు: “ఈ ఏడు మన చేనిలో పదును ఎన్నాళ్లు నిలిచినది?” ఆ జవాబును పట్టిక క్రిందనే వ్రాయింపుడు.