ఆకుకూరలు, మూలికలు – వాటిలోని లోహాలు

బెంగళూరు పాతపట్నంలోని నగర్తపేట బంగారు పనివారి వీధులకు పేరుపొందింది. నగలు కొనే తెలుగు ఇళ్లలో ఒకప్పుడు తరచుగా వినిపించిన ‘కేడీఎం బంగారం’ అన్న మాటలో ఉన్నది కాడ్మియం అనే లోహం. నగలకు అతుకు వేసే బంగారంలో దానిని కొద్దిగా కలిపేవారు. కరిగించేటప్పుడు లేచే పొగ పనివారికి ప్రమాదకరం కావడంతో, ఆ స్థానంలోకి తుత్తునాగం, అంటే జింకు, మొదలైనవి వచ్చాయి. రసాయన గుణాలలో కాడ్మియం, జింకు దగ్గరి చుట్టాలు. ఈ చుట్టరికమే ఆకుకూరల విషయంలో మనకు చిక్కు తెచ్చిపెడుతున్నది.

మొక్కకు ఇనుము, జింకు, రాగి, మాంగనీసు కొద్ది పాళ్లలో తప్పనిసరిగా కావాలి. మనకూ అవి కావలసినవే. జింకును లోపలికి తీసుకొనే వేళ్ల ద్వారాలలోనే కాడ్మియం కూడా ప్రవేశిస్తుంది. నేలలో జింకు తక్కువైతే దాని పని మరింత సులువవుతుంది. సీసం తీరు వేరు. అది చాలావరకు వేళ్ల దగ్గరే ఆగిపోతుంది. లేదా దుమ్ముగా ఆకు మీద పడుతుంది. అందుచేత బాగా కడిగితే పైనున్న సీసం కొంత పోతుంది గాని, ఆకు లోపలికి చేరిన కాడ్మియం పోదు.

బెళ్లందూరు చెరువు నీరు పారిన నేలల్లోనూ పైరుల్లోనూ భారలోహాలు చేరిన తీరును 2006లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో పరిశోధకులు వివరించారు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల ప్రకారం కిలో ఆకుకూరలో కాడ్మియం 0.2, సీసం 0.3 మిల్లీగ్రాములు మించరాదు.

మూలికల సంగతికి వస్తే, కన్నడిగుల ‘గ్రంధిగె అంగడి’లో బ్రాహ్మి అడిగామనుకుందాం. ఆ పేరు రెండు మొక్కలకు చెల్లుతుంది. ఒకటి మన సరస్వతి ఆకు, కన్నడంలో ఒందెలగ. రెండవది నీటి అంచున పాకే నీరుబ్రాహ్మి. రెండూ తడినేలను కోరేవే. నీటిలోని రాగిని, కాడ్మియాన్ని తొలగించడానికి నీరుబ్రాహ్మి పనికివస్తుందా అని శాస్త్రజ్ఞులు పరీక్షించి, అది వాటిని పీల్చుకుంటుందని గుర్తించారు. మురుగు చెరువును శుభ్రపరిచే మొక్కను ఆ గట్టునే కోసి తెస్తే అది మందు కాజాలదు. పైగా మూలిక ఎండితే నీరు పోతుంది, లోహం మిగులుతుంది. కిలో మూలికా ఔషధంలో సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 మిల్లీగ్రాములు దాటరాదని భారత ఆయుర్వేద ఔషధ ప్రమాణ గ్రంథం నిర్దేశిస్తున్నది.

అయితే ఆకుకూరలు మానివేయవలెనా? అక్కరలేదు, మానితే కీడే ఎక్కువ. నేలలో జింకు కొరత వంటిదే ఒంట్లో ఇనుము కొరత. ఇనుము తక్కువైన శరీరం సీసాన్ని, కాడ్మియాన్ని మరింతగా గ్రహిస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. భయపడి తోటకూర, మునగాకు వదులుకొంటే ముందుగా నష్టపోయేది వీరే.

కనుక మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఒకే మడి కూర రోజూ తినకుండా రకాలు మార్చాలి. రెండు మూడు నీళ్లలో కడగాలి. కూరలో నిమ్మరసం పిండితే ఇనుము బాగా ఒంటబడుతుంది. నగరపు చెరువు గట్టున మూలికలు కోయరాదు. కొనేటప్పుడు ఆకు పేరుతోపాటు అది పెరిగిన ఊరు, పారిన నీరు కూడా అడిగి తెలుసుకోవాలి.