అర్ధశక్తితో అధిక వేగం: వయోజనులకు ఈత సాధన

ఒంగోలు చుట్టుపట్ల పల్లెలలో ఒకటి రెండు తరాల క్రిందట ఈత నేర్పడానికి ప్రత్యేకంగా గురువంటూ ఎవరూ ఉండేవారు కారు. వేసవి సెలవులలో నడుముకు ఎండు సొరకాయ బుర్రనో, బెండ్లనో కట్టి మేనమామ బావిలోకి తోసేవాడు. నాలుగు గుక్కల నీళ్లు తాగి, భయపడి, ఏడ్చి, వారం తిరిగేసరికి పిల్లవాడు తేలడం నేర్చుకొనేవాడు. బోరుబావులు వచ్చిన తరువాత ఆ దిగుడుబావులు చాలవరకు అడుగంటినవి. మిగిలిన వాటిలో దిగమని ఎవరికీ సలహా ఇవ్వలేము. పత్తికి, మిరపకు కొట్టే మందుల డబ్బాలు కడిగిన నీరు ఎక్కడికి చేరుతుందో ఎవరు చెప్పగలరు? అందువలన బాల్యంలో ఈత రాని మధ్యతరగతి ఉద్యోగులు, గృహిణులు నేడు ముప్పై అయిదు, నలభై ఏళ్ల వయసులో క్లోరిన్ కలిపిన ఈతకొలనులో ఓనమాలు దిద్దుతున్నారు.

ఇది ఎంతైనా సంతోషించదగిన విషయం. అయితే మూడు నాలుగు నెలలు గడచి, ఆగకుండా ఒక దరి నుండి మరొక దరికి చేరగలిగిన తరువాత, వారిలో ఒక కొత్త కోరిక పుడుతుంది. పక్క వరుసలో ఈదే కుర్రవానిని చూస్తారు. గోడమీది గడియారాన్ని చూస్తారు. 50 మీటర్లు ఈదడానికి తమకు నిమిషం పైన పడుతున్నదని తెలుస్తుంది. దానిని తగ్గించాలనే పట్టుదలతో మరునాటి నుండి నీటిని బలం కొద్దీ బాదుతారు. నెల తిరిగేసరికి కాలం రెండు సెకండ్లు కూడా తగ్గదు సరికదా, భుజం పట్టుకొంటుంది, ఆయాసం మిగులుతుంది. "ఈ వయసులో ఇంక ఇంతే" అని కొలను మానివేస్తారు. దోషం వయసుది కాదు, పద్ధతిది.

ఆయుర్వేదానికి ఈత కొత్త కాదు. తొడలు బిగుసుకొని కదలలేని స్థితిని చరకుడు ఊరుస్తంభమని పేర్కొని, ఆ రోగిని ప్రమాదం లేని చల్లని నదిలో ప్రవాహానికి ఎదురుగా ఈదించమనీ, నిర్మలమైన నిశ్చల జలం గల సరస్సులో మళ్లీ మళ్లీ ఈదించమనీ చికిత్సాస్థానంలో చెప్పాడు. ఇక వ్యాయామానికి అష్టాంగహృదయంలో వాగ్భటుడు విధించిన హద్దు ఒకటే: అర్ధశక్తి. బలవంతులు సైతం, స్నిగ్ధమైన ఆహారం తినేవారు సైతం తమ బలంలో సగం వరకే శ్రమించాలి. హద్దు మీరితే దప్పిక, శ్వాస, దగ్గు, జ్వరం మొదలైనవి కలుగుతాయి.

సగం శక్తి ఖర్చయినదని ఎట్లా తెలుస్తుంది? శ్వాస నోటిగుండా రావడాన్ని, చంకలలో, నుదుట, ముక్కుపై, కీళ్లవద్ద చెమట పట్టడాన్ని మనవారు గుర్తులుగా చెప్పారు. ఈతగాని విషయంలో ఈ రెండు గుర్తులూ పనికిరావు. అతడు మొదటినుండి నోటితోనే గాలి పీలుస్తాడు. చెమట పట్టినా నీటిలో కనబడదు. కాబట్టి మరొక పరీక్ష పెట్టుకోవాలి. దరి చేరి గోడ పట్టుకొన్న తరువాత నాలుగైదు శ్వాసలలో మీ ఇంటి చిరునామాను తడబడకుండా పూర్తిగా చెప్పగలిగితే మీరు అర్ధశక్తిలో ఉన్నట్లే. చెప్పలేకపోతే హద్దు దాటారు.

సగం బలంతో సాధన చేస్తే వేగం ఎట్లా వస్తుందని సందేహం కలుగవచ్చు. నీరు గాలికంటే సుమారు ఎనిమిది వందల రెట్లు సాంద్రమైనది. వేగం రెట్టింపు అయితే నీటి నిరోధం రెట్టింపు కాదు, దాదాపు నాలుగు రెట్లు అవుతుంది. అందుకు కావలసిన శక్తి ఎనిమిది రెట్లకు చేరుతుంది. అంటే కొత్తవాడు బలం పెంచి గెలవదలచుకొంటే నీరే అతనిని ఓడిస్తుంది. నిరోధం తగ్గించుకోవడమే దగ్గరి దారి. తల ఎత్తి ఎదురుగా చూస్తే నడుము, కాళ్లు దిగిపోతాయి. అప్పుడు శరీరం చీపురుకట్టను ఏటవాలుగా లాగినట్లు నీటిని తోసుకుంటూ పోతుంది. చూపు కొలను అడుగున ఉంచి, మెడను సడలించి, శిరస్సునుండి మడమవరకు ఒకే గీతలో ఉంచితే అదే బలానికి ఎక్కువ దూరం వస్తుంది. కాళ్లు మోకాలి నుండి కాక తుంటి నుండి కదలాలి. చీలమండ గుడ్డపీలిక వలె వదులుగా ఉండాలి. కుర్చీలలో కూర్చొని బిగుసుకొన్న చీలమండలకు రోజూ అయిదు నిమిషాల వజ్రాసనం ఎంతో మేలు చేస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవారు మాత్రం ఆ ఆసనం వేయరాదు.

వేగాన్ని కొలిచే లెక్క చాలా సులభం. 25 మీటర్లకు ఎన్ని బారలు వేశారో, ఎన్ని సెకండ్లు పట్టినదో రెండూ కలపండి. ఈనాడు 28 బారలు, 32 సెకండ్లు అనుకొంటే మొత్తం 60. పక్షం రోజులకు 25 బారలు, 31 సెకండ్లు అయితే మొత్తం 56. గడియారం ఒక్క సెకండే తగ్గినట్లు చూపుతున్నా, ప్రతి దరికీ మూడు బారల శ్రమ మిగిలినది. ఆ మిగులే తరువాత వేగంగా మారుతుంది. ఈ అంకెలను ఒక చిన్న పుస్తకంలో తేదీలతో వ్రాసుకొంటే మంచిది. జ్ఞాపకం మీద ఆధారపడితే మనస్సు మనకు అనుకూలంగానే లెక్క చెబుతుంది.

మరొక లెక్క కూడా చూడండి. కొత్తగా పందెంలో దిగినవారు మొదటి 25 మీటర్లను ఆవేశంతో 25 సెకండ్లలో ఈది, తిరుగు దారిలో చేతులు బరువెక్కి 38 సెకండ్లు తీసుకొంటారు. మొత్తం 63. అదే వ్యక్తి మొదటి దరిని నిదానంగా 30 సెకండ్లలో ముగించి, రెండవదానిని 31 సెకండ్లలో ఈదితే 61. ఇది బలం పెంచకుండానే, కేవలం నిగ్రహంతో పొందిన లాభం. గోడవద్ద మళ్లేటప్పుడు రెండు కాళ్లతో బలంగా తన్ని, చేతులు రెండూ చెవుల వెంట చాచి, నీటిలో బాణంలా జారి, ఆ ఊపు తగ్గిన తరువాతనే మొదటి బార వేయాలి. కొత్తవారు గోడను వదిలీ వదలగానే చేతులు ఆడించి, ఉచితంగా వచ్చిన వేగాన్ని పోగొట్టుకొంటారు.

సెకండ్లు తగ్గడం ఎంత నిదానమైన పనియో తెలియాలంటే ప్రపంచపు లెక్క చూడండి. 100 మీటర్ల ఫ్రీస్టైల్‌ను నిమిషం లోపల మొట్టమొదట ఈదినవాడు అమెరికాకు చెందిన జానీ వైస్‌ముల్లర్. 1922లో అతని కాలం 58.6 సెకండ్లు. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో చైనా యువకుడు పాన్ జాన్‌లె 46.40 సెకండ్లలో ముగించాడు. మానవజాతి అంతా కలసి 102 సంవత్సరాలలో తగ్గించినది 12 సెకండ్ల పైచిలుకు. మనకు ఆరు నెలలలో అయిదారు సెకండ్లు తగ్గితే అది చిన్న విషయమేమీ కాదు. వయసు సంగతికి వస్తే, నలభై దాటిన తరువాత ఈత మొదలుపెట్టిన గోలి శ్యామల 2021 మార్చిలో శ్రీలంక తీరం నుండి ధనుష్కోడి వరకు సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని ఈదారు. ఆమెది దూరపు ఈత, మనది పొట్టి పందెం. అయినా ఆలస్యంగా ఆరంభించిన తెలుగు గృహస్థులకు ఆ ఉదాహరణ చాలు.

ఇక శ్వాస. ఎక్కువమంది తల నీటిలో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టి, తల తిప్పిన క్షణంలోనే వదలాలనీ, పీల్చాలనీ చూస్తారు. ఆ క్షణం రెండింటికీ చాలదు. ప్రాణాయామం తెలిసినవారికి ఒక్క మాట చాలు: రేచకం నీటిలో, పూరకం బయట. ముఖం నీటిలో ఉండగా ముక్కుతో, నోటితో సన్నగా బుడగలు వదులుతూ ఉండాలి. తల తిప్పినప్పుడు ఒక కన్ను నీటిలోనే ఉండాలి. తలను పైకెత్తరాదు, పక్కకు దొర్లించాలి.

ఇక్కడే ఒక హెచ్చరిక చేయవలసి ఉన్నది. మన పాఠకులలో చాలామందికి యోగాభ్యాసం ఉన్నది కనుక దీనిని మరింత శ్రద్ధగా చదవాలి. నీటిలో దిగబోయే ముందు భస్త్రిక, కపాలభాతి వంటివి చేసి, ఆపై ఊపిరి బిగబట్టి నీటి అడుగున ఈదే ప్రయత్నం ఎన్నడూ చేయరాదు. వేగంగా శ్వాసించినందువలన రక్తంలోని బొగ్గుపులుసు వాయువు తగ్గుతుంది. "ఇక ఊపిరి తీసుకో" అని శరీరాన్ని హెచ్చరించేది ప్రధానంగా ఆ వాయువే. హెచ్చరిక రాకముందే ప్రాణవాయువు అడుగంటి, ఈతగాడు ఏ బాధా తెలియకుండానే నీటిలో స్పృహ తప్పుతాడు. చక్కగా ఈత వచ్చినవారు, ఆరోగ్యవంతులు, నడుము లోతు నీటిలోనే ఈ విధంగా మరణించారు. కుంభకం చేయవలసిన చోటు చాప మీద. కొలనులో ఒంటరిగా ఎప్పుడూ సాధన చేయరాదనే నియమాన్ని ఇంటివారు కూడా పట్టుబట్టి అమలు చేయించాలి.

ఋతువు విషయంలో మన అలవాటు శాస్త్రానికి విరుద్ధంగా ఉన్నది. ఒంగోలులో కొలనులు కిటకిటలాడేది ఏప్రిల్, మే నెలలలో. వాగ్భటుడు అర్ధశక్తి వ్యాయామాన్ని శీతకాలంలోనూ, వసంతంలోనూ చేయమన్నాడు. ఇతర ఋతువులలో అంతకంటే తగ్గించమన్నాడు. గ్రీష్మంలో సూర్యుడు బలాన్ని హరిస్తాడు. కాబట్టి ఎండాకాలంలో సూర్యోదయ వేళ కొద్దిసేపు ఈది, శరీర స్థితి, శ్వాస, బార తీరు దిద్దుకోవడంతో తృప్తిపడాలి. వేగసాధనకు కార్తీకపు వానలు వెలిసినది మొదలు ఫాల్గుణం వరకు అనువైన కాలం. ధనుర్మాసపు ఉదయం నీరు చల్లగా ఉంటుందనుకొంటే ఎండ పొడచూపిన తరువాత వెళ్లవచ్చు. కొత్తపట్నం సముద్రతీరం దగ్గరే కదా, అక్కడ సాధన చేద్దామన్న ఆలోచన మాత్రం వద్దు. అలల క్రింద లోపలికి లాగే ప్రవాహానికి మన బారల లెక్క తెలియదు.

వారానికి మూడు రోజులు చాలు. రెండు రోజులు పూర్తిగా అర్ధశక్తిలోనే ఉండాలి. మొదట నిదానంగా 100 మీటర్లు ఈది, తరువాత 25 మీటర్ల చొప్పున ఎనిమిది సార్లు, ప్రతిసారీ అర నిమిషం విశ్రాంతితో ఈదాలి. మూడవ రోజున మాత్రం, శరీరం వేడెక్కిన తరువాత, 15 మీటర్లను పూర్తి వేగంతో ఆరు సార్లు ఈదండి. మధ్యలో నిమిషంన్నర విశ్రాంతి తప్పనిసరి. ఆ కాస్త దూరంలో ఆయాసం ముదరకముందే పని ముగుస్తుంది కనుక బార తీరు చెడదు. పక్షానికి ఒకసారి 50 మీటర్ల కాలం చూసుకొంటే సరిపోతుంది. గుండెజబ్బు, అధిక రక్తపోటు, మూర్ఛ, చెవి కర్ణభేరికి రంధ్రం ఉన్నవారు వైద్యుని అనుమతి లేనిదే నీటిలో దిగరాదు.

ఆహారంలో మన ప్రాంతపు ప్రత్యేక శత్రువు పండుమిరపకాయ పచ్చడి. ఉదయం ఈతకు వెళ్లేవారు ముందునాటి రాత్రి కారం తగ్గించాలి. బోర్లా పడుకొని పొట్ట నొక్కుకొంటూ ఈదేటప్పుడు పుల్లని త్రేనుపులు గొంతులోకి వస్తే శ్వాస క్రమం అంతా చెడుతుంది. ఈతకు గంట ముందు ఒక అరటిపండు, లేదా పలుచని రాగిజావ చాలు. నీటిలో చెమట కనబడదు కాబట్టి దాహం కూడా తెలియదు. ఒడ్డుకు రాగానే ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి కలిపిన పలుచని మజ్జిగ నిదానంగా తాగాలి. జలుబు తత్వం గలవారు దానికి బదులుగా ధనియాలు, శొంఠి వేసి కాచిన గోరువెచ్చని కషాయం తీసుకోవచ్చు. ఈత తరువాత ఆకలి విపరీతంగా ఉంటుంది. ఆ ఆకలికి బజ్జీల బండి జవాబు కాదు. జొన్నరొట్టె, పెసరపప్పు, ఆకుకూర దీనికి తగిన భోజనం.

అభ్యంగనాన్ని ఈతకు ముందు చేయరాదు, నూనె కొలను నీటిని పాడుచేస్తుంది. సాధన లేని రోజున గోరువెచ్చని నువ్వులనూనెతో, భుజాలు పట్టేసినవారు మహానారాయణ తైలంతో మర్దన చేయించుకొని వేడినీళ్ల స్నానం చేయాలి. చేయి పైకెత్తినప్పుడు పోటు వస్తే మర్దనతో సరిపెట్టక, వారం రోజులు బారలు మాని వైద్యునికి చూపించాలి. చెవుల విషయంలో కూడా సంప్రదాయాన్ని గ్రుడ్డిగా అనుసరించవద్దు. తడిసిన చెవిలో నూనె వేస్తే బూజు పట్టే ప్రమాదం ఉన్నది. తల పక్కకు వంచి నీరు కారనిచ్చి, బయటి భాగాన్ని పొడిగుడ్డతో తుడిస్తే చాలు. పుల్లలు, పిన్నులు పెట్టరాదు. కండ్లకు త్రిఫల నీటికంటే మంచి ఔషధం నీరు చొరని కళ్లద్దాలే.

పోటీ ఉన్ననాడు కొత్త వంటకం, కొత్త కళ్లద్దాలు రెండూ వద్దు. పిలుపుకు పావుగంట ముందు నిదానంగా నాలుగైదు దరులు ఈదాలి, తువాలు కప్పుకొని వెచ్చగా కూర్చోవాలి. చివరి అయిదు మీటర్లలో గోడ ఎంత దూరమున్నదో చూడాలని తల ఎత్తేవారు ఎందరో. గోడకు ఎన్ని బారల దూరమో ముందుగానే లెక్కపెట్టుకొన్నవారు తల దించి, చేయి పూర్తిగా చాచి గోడను తాకుతారు. ఒడ్డెక్కగానే తల తుడుచుకొని, ఆ నాటి అంకెలు పుస్తకంలో వ్రాసుకోండి.