అల కోసం మోసే బరువు

పడవ లాగుతుంటే తాడు పట్టుకుని నీళ్ల మీద జారే ఆటలు రెండున్నాయి. చూడ్డానికి ఒకే కుటుంబంలా కనిపిస్తాయిగానీ పడవను కోరే కోరికలో ఒకటి తూర్పు, ఒకటి పడమర. వాటర్ స్కీయింగ్ 1922లో అమెరికాలోని మిన్నెసోటాలో, పెపిన్ సరస్సు మీద, రాల్ఫ్ శామ్యూల్సన్ అనే కుర్రాడు చెక్కలు వంచి కాళ్లకు కట్టుకోవడంతో మొదలైంది. పోటీల్లో స్కీయర్ గంటకు 55 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో అటూ ఇటూ కోసుకుంటూ పోతాడు. పడవ వెనుక లేచే అల అతనికి దారిలో గతుకు. అందుకే స్కీ పడవ తయారుచేసేవాళ్లు దశాబ్దాలపాటు ఆ అలను చంపడానికే పనిచేశారు: బరువు తగ్గించారు, అడుగును చదును చేశారు, ఇంజన్ని మధ్యకు తెచ్చారు. 1980లలో రూపుదిద్దుకున్న వేక్‌బోర్డింగ్‌కు సరిగ్గా ఆ అలే కావాలి. రెండు పాదాలూ ఒకే పలకకు బిగించుకుని, గంటకు 30 నుంచి 38 కిలోమీటర్ల వేగంలో, అల వాలు ఎక్కి గాల్లోకి లేవడమే ఈ ఆట. పాత స్కీ పడవ ఉన్నవాళ్లు దానితోనే ఈ ఆట ఆడాలంటే, తేలికగా పుట్టిన పడవకు కోరి బరువెక్కించాలి. ఈ బరువునే బ్యాలస్ట్ అంటారు. ఎంత ఎక్కువ వేస్తే అంత మంచిదని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇక్కడ ఎంత అన్నదానికన్నా ఎక్కడ అన్నదే ముఖ్యం.

నీటి మీద వేగంగా పోయే పడవ తన బరువుకు తగినంత గట్టిగా నీటిని కిందికి నొక్కాలి. అలా నొక్కుడుపడిన నీరు పడవ దాటిపోగానే తిరిగి పైకి ఎగదన్నుతుంది. మనకు అలగా కనిపించేది అదే. దాదాపు 1,300 కిలోల స్కీ పడవకు ఇంధనం, ఇద్దరు మనుషులు కలిసి 1,600 కిలోలయిందనుకుందాం. దానికి 400 కిలోలు చేర్చితే నీటి మీద పడే భారం నాలుగో వంతు పెరిగినట్టే. నీటి మట్టం దగ్గర పడవ వైశాల్యం 8 చదరపు మీటర్లుంటే, ఆగి ఉన్న పడవ ప్రతి 80 కిలోలకూ ఒక సెంటీమీటరు దిగుతుంది. అంటే 400 కిలోలకు 5 సెంటీమీటర్లు. వినడానికి ఇది చిన్న లెక్కే. కానీ నీరు లోపలికి రాకుండా కాపాడే అంచులోంచి తగ్గేది కూడా ఆ 5 సెంటీమీటర్లే. ఈ సంగతి మళ్లీ అవసరమవుతుంది.

మన తీరాల్లో పడవ ముందు కొసను అణియం అనీ, వెనుక కొసను అమరం అనీ అంటారు. బరువంతా అమరంలో పెడితే అల ఎత్తుగా, నిటారుగా లేస్తుంది. కానీ పైఅంచు విరిగి తెల్లటి నురగగా రాలిపోతుంది. బోర్డు ఆ నురగను తాకితే కింద పట్టు దొరకదు, ఎగరాల్సిన మనిషి కూలబడతాడు. కొంత బరువు అణియానికి జరిపితే వాలు పొడవవుతుంది, ఏటవాలుగా సాగుతుంది, అల ఒళ్లు గాజులా నున్నబడుతుంది. ఎత్తు కాస్త తగ్గుతుంది, నిజమే. కానీ నేర్చుకునేవాళ్లకు కావలసింది ఈ నున్నటి వాలే. పడవలో రెండు పక్కల బరువు సమంగా లేకపోతే రెండు అలల్లో ఒకటి శుభ్రంగా, రెండోది చెదిరి వస్తుంది. బరువున్న ఒక మనిషి ఒక సీటులోంచి ఎదుటి సీటులోకి మారినా వెనుక ఆ తేడా కంటికి కనిపిస్తుంది. వేగం కూడా ఇందులో భాగమే: కాస్త పెంచితే నురగ తగ్గి అల గట్టిపడుతుంది, మరీ పెంచితే చదునైపోతుంది.

అయితే బరువుగా ఏం వాడాలి, సీసమా, నీళ్ల సంచులా? సీసం దిమ్మలు తక్కువ చోటు పడతాయని, నీళ్ల సంచుల్లా సీట్ల మధ్య దారిని ఆక్రమించవని వాటిని మెచ్చుకునేవాళ్లున్నారు. చోటు విషయంలో వాళ్ల మాట సరైనదే. కానీ పడవలోకి నీళ్లు వచ్చేసిన రోజున ఏం జరుగుతుందో ఆలోచించాలి. మునిగిన నీళ్ల సంచికి నీటిలో దాదాపు బరువే ఉండదు కాబట్టి అది పడవను లోతుకు లాగదు. సీసం మాత్రం లాగుతుంది. పైగా గట్టు మీదికి, ట్రైలర్ మీదికి వచ్చేసరికి సంచిలో నీళ్లు వదిలేయొచ్చు, సీసాన్ని చేతులతో మోయాలి. మందపాటి సంచిని పడవ నేల మీద పరిచి, పంపు గొట్టాన్ని సరస్సులోకి వదిలి స్విచ్ వేస్తే, ముడతలన్నీ ఒక్కొక్కటిగా విప్పుకుంటూ అది ఉబ్బుతుంది. చివర్లో మూతి దగ్గర బుడగలు కక్కుతుంది. ఆ గాలంతా పోయేదాకా నింపాలి. సగం నిండిన సంచిలో నీళ్లు పడవ వంగినవైపే పరుగెడతాయి, వంపును ఇంకా పెంచుతాయి. బిందె నెత్తినెత్తుకుని నడిచినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

కొత్త వేక్ పడవలు ఫ్యాక్టరీ నుంచే వెయ్యి కిలోలకు పైగా బ్యాలస్ట్ మోస్తున్నాయి, పాత పడవ ఎందుకు మోయలేదని అడగవచ్చు. ఆ పడవల అంచులు ఎత్తు, అడుగు లోతు, ఇంజన్లు పెద్దవి. ఆ భారాన్ని లెక్కలోకి తీసుకునే వాటిని గీశారు. స్కీ పడవ అంచు మొదటినుంచీ పొట్టిదే. నీళ్లలో పడ్డ మనిషిని ఎక్కించుకోవడానికి నడిపేవాడు చటుక్కున వేగం తగ్గిస్తే, పడవ లేపిన అలే వెనుక నుంచి వచ్చి తగులుతుంది. వెంటనే వెనక్కి తిరిగితే అణియం నేరుగా ఆ అలలోకే దూరుతుంది. ముందు బరువు ఎక్కువైతే క్షణంలో నీళ్లు ఒళ్లోకి వచ్చిపడతాయి. అమెరికాలో 20 అడుగుల లోపు మోటారు పడవలకు ఎంత భారం మోయగలవో చెప్పే పలక తప్పనిసరి. ఆ అంకెలో మనుషులూ సామానూ బ్యాలస్టూ అన్నీ కలిసే ఉంటాయి. నలుగురు స్నేహితులు ఎక్కితే ఆ మేరకు సంచుల్లో నీళ్లు తగ్గించాలి.

ఒడ్డున ఉండేవాళ్ల అభ్యంతరం ఇంకా బరువైనది. పెద్ద అల గట్టును కోస్తుంది, కట్టేసిన చిన్న పడవలను కొడుతుంది. 2022లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం చేసిన పరిశీలన, బ్యాలస్ట్‌తో నిదానంగా నడిచి ఇంకా పెద్ద అల లేపే వేక్‌సర్ఫ్ పడవలు ఒడ్డుకు 500 అడుగులకు పైగా దూరంలో ఉండాలని సూచించింది. వెర్మాంట్ రాష్ట్రం 2024లో ఆ 500 అడుగుల దూరాన్ని నిబంధనగానే పెట్టింది. వేక్‌బోర్డింగ్‌కు అంత పెద్ద అల అక్కర్లేదు, కానీ కుదురుగా నింపిన 300, 400 కిలోల దగ్గర ఆగడానికి అదీ ఒక కారణమే.

సంచి ఖాళీ అయ్యాక అడుగున మిగిలే కాసిని నీళ్లను కూడా పట్టించుకోవాలి. ఓడల బ్యాలస్ట్ నీటిలో దాక్కుని 1980లలో అమెరికా మహాసరస్సులకు చేరిన జీబ్రా మస్సెల్ అనే గోరంత ఆలుచిప్ప, 2009 నాటికి డాలస్‌కు ఉత్తరాన ఉన్న టెక్సోమా సరస్సులో కనిపించింది. దాని పిల్లలు కంటికి ఆనవు, సంచిలో మిగిలిన నీళ్లలోనే మరో సరస్సుకు చేరిపోగలవు. డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. టెక్సాస్‌లో సరస్సు వదిలి వెళ్లేముందు పడవలో నీళ్లన్నీ ఖాళీచేయాలని చట్టమే చెబుతోంది. సంచిని తలకిందులు చేసి చివరి చుక్కదాకా పిండి, ఎండలో ఆరేసి, అప్పుడు మడతపెట్టాలి.