సూట్‌కేసులో పట్టని నెల రోజులు

వీసా వచ్చింది. టికెట్టు కొన్నారు. ఇక మిగిలింది నెల రోజులే! ఆ నెలలో పచ్చళ్లు కడతారు, చుట్టాలిళ్లకు వెళ్తారు, గుడికి పోతారు, సముద్రం చూసొస్తారు. పిల్లల్ని పై చదువుకు విదేశాలకు పంపే ప్రతి ఇంట్లోనూ జరిగే హడావుడే ఇది. ఆ హడావుడి చాటున ఎవరి మనసులో ఏముంటుంది? కృష్ణా డెల్టా చివర్లో ఉన్న కర్లపాలెం లాంటి ఊళ్లోకి వెళ్లి చూస్తే...

బాపట్ల నుంచి రేపల్లె వైపు జాతీయ రహదారి మీద సుమారు పది కిలోమీటర్లు వెళ్తే కర్లపాలెం. కాలువ నీళ్లు అందే చోట వరి, ఇసుక నేలల్లో వేరుశనగ. గాలి మళ్లితే సముద్రపు వాసన. ఒకప్పుడు గుంటూరు జిల్లాలో ఉన్న ఈ మండలం 2022 ఏప్రిల్‌ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి వచ్చింది. జులైలో ఇక్కడి రైతులు కాలువ నీళ్ల కోసం ఎదురుచూస్తుంటారు. అదే నెలలో కొన్ని ఇళ్లలో మరో ఎదురుచూపు మొదలవుతుంది. అమెరికా యూనివర్సిటీల్లో ఆగస్టులో తరగతులు మొదలవుతాయి మరి!

అలాంటి ఓ ఇంటిని ఊహించుకోండి. నాన్నకు రెండెకరాల పొలం. అమ్మ, నాయనమ్మ, ఇంటర్‌ చదివే తమ్ముడు. ఇంటి పెద్దమ్మాయి బీటెక్‌ పూర్తిచేసి ఎమ్మెస్‌కు వెళ్తోంది. ఇంట్లో విమానం ఎక్కబోయే మొదటి మనిషి తనే.

‘మళ్లీ ఎప్పుడొస్తావే?’ రోజుకోసారైనా అడుగుతుంది నాయనమ్మ.

‘రెండేళ్లే కదా నాయనమ్మా’ అంటుంది అమ్మాయి.

చదువైతే రెండేళ్లే. ఇప్పటి నిబంధనల ప్రకారం ఆ తర్వాత ఉద్యోగ అనుభవం కోసం ఓపీటీ పేరుతో ఏడాది ఉండొచ్చు. సైన్సు, ఇంజినీరింగు కోర్సులవాళ్లకు మరో రెండేళ్లు పొడిగిస్తారు. కలిపితే అయిదేళ్లు. మధ్యలో వచ్చి వెళ్లాలంటే టికెట్టు ఖర్చు, సెలవుల ఇబ్బంది, వీసా భయం. ఈ లెక్కంతా నాయనమ్మకు ఎవరూ చెప్పరు. అయినా ఆవిడకు తెలుసు. అందుకే రోజూ అడుగుతుంది!

నాన్న మాట్లాడని లెక్క

2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదువుకుంటున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వాళ్లలో 1,96,000 మందికి పైగా మాస్టర్స్‌, పీహెచ్‌డీల్లాంటి పై చదువులవాళ్లే. పదిహేనేళ్ల తర్వాత చైనాను దాటి మనదేశం మొదటి స్థానంలోకి వచ్చింది ఆ ఏడాదే. అంకె పెద్దదే. అందులో ప్రతి ఒక్కరి వెనకా ఇంటి కాగితాలు పట్టుకుని బ్యాంకు బల్ల ముందు కూర్చున్న ఓ నాన్న ఉంటాడు.

విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతాయి. చాలా బ్యాంకులు పొలాన్ని ఒప్పుకోవు. ఇల్లో, ఇంటి స్థలమో చూపించాల్సిందే. తాత కట్టిన ఇంటి దస్తావేజు అలా బీరువాలోంచి బయటికొస్తుంది. చదువు పూర్తయ్యాక సుమారు ఏడాదికి వాయిదాలు మొదలవుతాయి. ఆలోగా ఉద్యోగం రాకపోతే? ఆ ప్రశ్న నాన్న పైకి అనడు. బ్యాంకు నుంచి బండి మీద వస్తూ దారిలో ఆగి, ‘చెరుకురసం తాగుదామా అమ్మా?’ అంటాడు. అమ్మాయికి ఆ నెలలో మొదటి షికారు అదే!

కొలువులు దొరకడం కష్టమైందన్న వార్తలూ, వీసా నిబంధనలు మారుతున్నాయన్న వార్తలూ ఈ ఇళ్లలో నిద్ర పట్టనివ్వవు. 2025 మే చివర్లో కొత్త విద్యార్థి వీసా ఇంటర్వ్యూల తేదీలివ్వడాన్ని అమెరికా సుమారు మూడు వారాలు ఆపేసింది. తిరిగి మొదలుపెట్టాక విద్యార్థులు సామాజిక మాధ్యమాల ఖాతాల్ని అందరికీ కనిపించేలా ఉంచాలంది. ఆగస్టులో చేరాల్సినవాళ్లకు ఆ మూడు వారాలు ఎంత పొడుగ్గా గడిచి ఉంటాయో!

ఒకటి మాత్రం తేలికైంది. పూర్వం బాపట్ల పిల్లలు అమెరికా వీసా కోసం రైలెక్కి చెన్నై వెళ్లాల్సి వచ్చేది. 2008లో హైదరాబాద్‌ బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో కాన్సులేట్‌ తెరిచారు. 2023లో అది నానక్‌రామ్‌గూడలోని సొంత భవనానికి మారింది. ఇంటర్వ్యూకు వెళ్లినవాళ్లు అటు నుంచటే చిలుకూరు బాలాజీని దర్శించుకుంటారు. వీసా వస్తే 108 ప్రదక్షిణల మొక్కు ఉండనే ఉంది కదా!

ఇరవైమూడు కిలోల బెంగ

చాలా విమాన సంస్థలు అమెరికా వెళ్లే విద్యార్థులకు ఇరవైమూడు కిలోల చొప్పున రెండు పెట్టెలు అనుమతిస్తాయి. ఇంట్లో అసలు యుద్ధం ఇక్కడే. అమ్మ లెక్క ప్రకారం మొదటి పెట్టె అంతా వంటిల్లు. వేసవిలో పట్టిన ఆవకాయ, మాగాయ, గోంగూర, కందిపొడి, కరివేపాకు కారం, సున్నుండలు, చిన్న కుక్కరు. ఇక పుస్తకాలూ, బట్టలూ, చలికోటూ ఎక్కడ పెట్టాలి?

ఓ కిలో తగ్గిస్తే అమ్మ మరో అరకిలో పెడుతుంది. కొక్కేనికి తగిలించి ఎత్తే చిన్న తూకం యంత్రం పట్టుకుని తమ్ముడు తీర్పు చెబుతాడు. ‘అమ్మా, ఇరవైనాలుగున్నర!’ పెట్టె మళ్లీ తెరుస్తారు. ఈసారి తీసేది ఆవకాయా, చలికోటా? ఎక్కువసార్లు ఓడిపోయేది చలికోటే.

తమాషాగా ఉంటుంది కానీ అమ్మ ఆరాటం వేరు. రోజూ కంచంలో ఏం వేసుకుందో ఇక చూడలేదు. చూడలేని చోటికి పంపగలిగింది కారప్పొడే!

ప్రయాణం ఆషాఢంలో పడితే నాయనమ్మ ఒప్పుకోదు. యూనివర్సిటీ క్యాలెండరుకు ఆషాఢం తెలీదు కదా! దానికీ పెద్దలు ఉపాయం పెట్టారు. మంచిరోజు చూసి, వెంట తీసుకెళ్లే సామానులో ఒకటి ముందుగానే పక్కింట్లో ఉంచుతారు. ‘ప్రస్థానం’ అంటారు దీన్ని. ప్రయాణం ఆ రోజే మొదలైనట్లు లెక్క. విమానం ఎప్పుడెక్కినా ఫర్వాలేదు. ఎడ్లబండ్ల కాలం నాటి ఆచారం విమానం టికెట్టుకూ పనికొస్తోంది!

అందరి కళ్లకూ కనిపించి రావాలి

వెళ్లేలోగా చుట్టాలందర్నీ చూసి రావాలన్నది ఈ ప్రాంతంలో రాయని నియమం. పొన్నూరులో మేనత్త, తెనాలిలో అమ్మమ్మ, రేపల్లెలో బాబాయ్‌. పొన్నూరు వెళ్తే నిలువెత్తు ఆంజనేయస్వామికి దండం పెట్టకుండా రారు. బాపట్లలో భావన్నారాయణస్వామి గుడి. ఊరికి భావపురి అన్న పాత పేరు ఆ స్వామి వల్లే వచ్చిందంటారు.

ప్రతి ఇంట్లో అదే వరస. బొట్టు పెడతారు. జాకెట్టు ముక్క, అరటిపళ్లు, కవర్లో కొంత డబ్బు. ‘అక్కడ మావాళ్లబ్బాయి ఉన్నాడు, నెంబరు రాసుకో’ అంటారు. తిని వెళ్లాల్సిందేనంటారు. మధ్యాహ్నానికి రెండిళ్లలో రెండు భోజనాలు! ఈ తిరుగుళ్లు విసుగ్గా ఉన్నాయని పిల్లలు మొదట్లో సణుగుతారు. అమ్మమ్మ గుమ్మం దాకా వచ్చి, చెయ్యి వదలకుండా, ‘నేనుండగా వస్తావా తల్లీ’ అన్నప్పుడు మాత్రం మాట రాదు. ఈ నెలలో అందరూ దాటేసే ప్రశ్నను పైకి అడిగేది అమ్మమ్మ ఒక్కతే.

సూర్యలంకలో ఓ సాయంత్రం

కర్లపాలెం పిల్లలకు సముద్రం కొత్తేం కాదు. బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు వెళ్తే సూర్యలంక. కార్తీకమాసంలో స్నానాలకు వచ్చే జనంతో కిటకిటలాడే తీరమిది. దగ్గరే ఉంది కదా ఎప్పుడైనా వెళ్లొచ్చులే అనుకుంటూ ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లి ఏళ్లయి ఉంటుంది. ప్రయాణం పది రోజులుందనగా హఠాత్తుగా గుర్తొస్తుంది.

పులిహోర, పెరుగన్నం కట్టుకుని ఆటోలో బయల్దేరతారు. దారి పక్కన సరుగుడు తోటలు. వర్షాకాలం అలల ఉధృతి ఎక్కువ కాబట్టి పిల్లల్ని లోతుకు పోనివ్వరు. నాయనమ్మ ఇసుకలో చాప మీద కూర్చుంటుంది. అమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని పాదాలు తడుపుకొంటుంది. తమ్ముడు ఫొటోలు తీస్తూనే ఉంటాడు. నాన్న వేయించిన వేరుశనక్కాయల పొట్లం కొనుక్కొచ్చి, ‘మన నేల కాయే ఇది’ అని పంచుతాడు. ప్రత్యేకంగా ఏమీ జరగదు. ఎవరూ బరువైన మాటలు చెప్పరు. చీకటి పడ్డాక కూడా ‘ఇక పోదాం’ అనేవాళ్లు ఉండరు, అంతే!

ఇద్దరు వెళ్లారు... ఒకరొచ్చారు

పై చదువుకని సముద్రం దాటడం ఈ నేలకు వందేళ్ల నాటి సంగతి. బాపట్ల నుంచి తెనాలి వెళ్లే రైలు దారిలో వచ్చే నిడుబ్రోలులో 1900లో పుట్టారు గోగినేని రంగనాయకులు... మనందరికీ తెలిసిన ఆచార్య ఎన్‌.జి.రంగా. రైతు బిడ్డ. 1920ల్లో ఇంగ్లండ్‌ వెళ్లి ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివారు. తిరిగొచ్చి మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో పాఠాలు చెప్పారు. తర్వాత రైతు ఉద్యమాల్లోకి దిగారు. సొంతూరు నిడుబ్రోలులోనే రైతాంగ విద్యాలయం పెట్టారు. 1945లో మొదలైన బాపట్ల వ్యవసాయ కళాశాల ఇప్పుడు ఆయన పేరిట ఉన్న విశ్వవిద్యాలయంలో భాగమే.

అదే రోజుల్లో మరో తెలుగువాడూ ఓడెక్కారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1922లో బోస్టన్‌ చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల గురించి చదువుకుంటూ పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రి పనికి కుదిరారు. ఆయన పరిశోధనలు ఫోలిక్‌ ఆమ్లం నుంచి కేన్సర్‌ మందు మెథోట్రెక్సేట్‌ దాకా ఎన్నో మందులకు దారి చూపాయి. భార్య శేషగిరి మాత్రం ఇక్కడే ఉండిపోయారు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డను తండ్రి చూడనేలేదు. 1948 ఆగస్టులో సుబ్బారావు అమెరికాలోనే కన్నుమూశారు. మళ్లీ మాతృదేశాన్ని చూడలేదు.

ఒకరిది ఒప్పు, మరొకరిది తప్పు అనేదేమీ లేదు. సుబ్బారావు మందుల వల్ల బతికిన ప్రాణాలెన్నో! కానీ ఓడెక్కిన రోజున ఎవరు తిరిగొస్తారో ఆ రెండిళ్లలో ఎవరికీ తెలీదు. అప్పట్లో ఉత్తరం ఓడలో రావడానికే వారాలు పట్టేది. ఇప్పుడు వీడియో కాల్‌లో రోజూ మొహం కనిపిస్తుంది. అయినా ‘మళ్లీ ఎప్పుడొస్తావే’ అన్న ప్రశ్న మారలేదు.

ఒకరికొకరు పాఠాలు

ఈ నెలను బజారు పనులకే అప్పగించేస్తే తర్వాత బాధపడేది ఇంటివాళ్లే. సగం వస్తువులు అక్కడా దొరుకుతాయి. దొరకనివాటి మీద శ్రద్ధ పెట్టాలి. వాటిలో మొదటిది వంట. వారం రోజులు పొయ్యి పిల్లలకు అప్పగిస్తే అన్నం, పప్పు, రసం, రెండు కూరలు వచ్చేస్తాయి. మొదటి రోజు పప్పు మాడినా అందరూ తినేస్తారు!

పెద్దవాళ్లకూ ఓ పాఠం ఉంది. వీడియో కాల్‌ చెయ్యడం, ఫోన్లో కరెంటు బిల్లు కట్టడం, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదన్న జాగ్రత్త. ఇన్నాళ్లూ ఈ పనులన్నీ అమ్మాయే చూసింది. ఇకమీదట తమ్ముడికి అప్పగింత. గోడ మీద రెండో గడియారం పెట్టుకునే ఇళ్లూ ఉన్నాయి. వేసవిలో కర్లపాలెంలో రాత్రి ఏడైతే టెక్సస్‌లోని డల్లాస్‌లో అదే రోజు ఉదయం ఎనిమిదిన్నర. నవంబరులో అక్కడ గడియారం గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి ఏడున్నర అవుతుంది. ఇక్కడ రాత్రి భోజనాల వేళ అక్కడ కాలేజీకి బయల్దేరే వేళ. ఆ పావుగంటే ఇంటిల్లిపాదీ కలుసుకునే సమయం.

ఇవి మరిచిపోవద్దు!

* ఐ-20, పాస్‌పోర్టు, ఒరిజినల్‌ సర్టిఫికెట్లు, మందుల చీటీలు చేతి సంచిలోనే ఉండాలి. నకళ్లు ఇంట్లో ఒక సెట్టు ఉంచాలి.

* మాంసం పచ్చళ్లు, పచ్చి కరివేపాకు, పళ్లు, విత్తనాలు పెట్టెలో వద్దు. తీసుకెళ్లే తినుబండారాల గురించి అక్కడి కస్టమ్స్‌ ఫారంలోనో, అధికారులు అడిగినప్పుడో దాచకుండా చెప్పాలి.

* పవర్‌బ్యాంకు చెక్‌-ఇన్‌ పెట్టెలో పెట్టనివ్వరు. చేతి సంచిలో ఉంచుకోవాలి.

* ఐ-20లో ఉన్న కోర్సు ప్రారంభ తేదీకి ముప్ఫై రోజుల కన్నా ముందు అమెరికాలో అడుగుపెట్టనివ్వరు. టికెట్టు కొనే ముందే చూసుకోవాలి.

* చివరి రెండు రోజులు ఏ పనీ పెట్టుకోవద్దు. ఇంట్లో ఉండాలి.

ఆఖరి పొద్దున

ప్రయాణం రోజు రానే వస్తుంది. శంషాబాద్‌ విమానాశ్రయానికి ఓ రాత్రంతా ప్రయాణం. అద్దె బండి సాయంత్రానికి గుమ్మంలో ఉంటుంది. పొద్దున మాత్రం మామూలుగానే తెల్లారుతుంది. నాన్న పొలానికి వెళ్లి తొందరగా వచ్చేస్తాడు. అమ్మ పెసరట్టు వేస్తుంది. తమ్ముడు తూకం యంత్రంతో ఆఖరిసారి పెట్టెలెత్తి, ‘సరిగ్గా ఇరవైమూడు’ అంటాడు. అమ్మాయి అటకెక్కించిన చిన్నప్పటి పుస్తకాలు తీసి చూసి మళ్లీ అక్కడే పెడుతుంది.

నాయనమ్మ దగ్గరకు పిలిచి చెయ్యి పట్టుకుంటుంది. ఈసారి ఎప్పుడొస్తావని అడగదు.

‘దిగగానే ఫోన్‌ చెయ్యి. మేలుకునే ఉంటా’ అంటుంది.