చెడిన భూమి బేరము - దళారితో మెలగవలసిన విధము

మేము గ్రామములకు పోయినపుడు రైతులు మొదట విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు అడుగుదురు. పిమ్మట కొందరు మమ్ము చాటునకు పిలిచి భూమి బేరములను గూర్చి అడుగుదురు. ఒక రైతు తన చేనిని ఆనుకొనియున్న 2 ఎకరములను కొనగోరి, కుమార్తె వివాహమునకై దాచిన సొమ్ములోనుండి 2 లక్షల రూపాయలు బయానాగా దళారి చేతికిచ్చెను. ఆ భూమి తాకట్టులో నున్నదని తరువాత బయలుపడెను. బేరము చెడెను. "సొమ్ము నాకు ముట్టలేదు" అని భూమి యజమానుడు చెప్పెను. "పంట చేతికి రాగానే ఇచ్చెదను" అనుచు దళారి రెండేండ్లు గడపెను. ఇట్టి యిక్కట్టు పెక్కురకు కలుగుచున్నది గనుక మా సమాధానమును సభ్యులందరికిని తెలుపుచున్నాము.

మొట్టమొదట తేల్చుకొనవలసినది, దళారి యెవరి పక్షమున సొమ్ము పుచ్చుకొనెననుట. యజమానుని అనుమతితో ఆయన కొరకు పుచ్చుకొనినచో యజమానుడే ఉత్తరవాది. అనుమతి లేక పుచ్చుకొని తనయొద్ద నిలుపుకొనినచో దళారియే ఉత్తరవాది. సంగతి తేలనిచో ఇరువురకును నోటీసు ఇచ్చుట మేలు.

అమ్మువాడు తనకు తెలిసిన హక్కులోపమును దాచరాదని 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము చెప్పుచున్నది. కొనువాని తప్పు లేక బేరము చెడినపుడు, అమ్మువానికి ముట్టిన బయానా నిమిత్తము ఆ భూమిలో అమ్మువానికిగల హక్కు మేరకు కొనువానికి భారము కలుగును. తగిన కారణము లేక తానే వెనుదీసిన కొనువాడు మాత్రము బయానాను పోగొట్టుకొనవచ్చును.

ఇక దళారి రుసుము మాట. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము ప్రకారము, వేరు ఒడంబడిక లేనిచో, ఒప్పుకొనిన పని ముగియువరకు ప్రతినిధికి ప్రతిఫలము రాదు. పనిలో దుష్ప్రవర్తన చూపినవాడు ఆ భాగమునకు ప్రతిఫలమును కోరజాలడు. తనను నియమించినవాని సొమ్మునకు లెక్క చెప్పుటయు, అతనికి తెలియకుండ ఆ వ్యవహారమున సొంతలాభము గడింపకుండుటయు అతని విధులు. కావున "తిరిగినందుకు నా రుసుము పట్టుకొని మిగిలినది ఇచ్చెదను" అని దళారి పలికినంతమాత్రమున ఒప్పుకొన నక్కరలేదు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది కాలహరణము. 1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టము ననుసరించి ఇట్టి సొమ్మునకు దావా సాధారణముగా 3 సంవత్సరములలోపల వేయవలెను. నోటిమాటగా ఎన్ని వాయిదాలు చెప్పినను గడువు పెరుగదు. గడువు తీరకముందు బాకీని ఒప్పుకొని సంతకముతో వ్రాసి యిచ్చినచో, ఆ తేదీనుండి క్రొత్త గడువు మొదలగును. అందుచేతనే మేమా రైతును మొదట "బేరము ఏ తేదీని చెడినది?" అని అడిగితిమి.

చేయవలసిన పనుల క్రమము ఇది:

1. అగ్రిమెంటు, రసీదు, చీటీ, బ్యాంకు పాసుబుక్కు, ఫోనులోని సందేశములు భద్రపరుపుడు. వేనిని చెరపకుడు. సాక్షుల పేర్లు వ్రాసికొనుడు.

2. ఇచ్చిన మొత్తము, తేదీ, బేరము చెడిన కారణము, తిరిగి చెల్లింపవలసిన గడువు తెలుపుచు, అందినట్లు రుజువు దొరకునట్లు తపాలాలో నోటీసు పంపుడు. దూషణలు వలదు.

3. ఫలింపనిచో న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయింపుడు. 1987వ సంవత్సరపు చట్టముచే నేర్పడిన లోక్ అదాలతులో ఇరుపక్షములును రాజీపడినచో, ఆ తీర్పు సివిలు కోర్టు డిక్రీతో సమానము. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని న్యాయసహాయము ఉచితము. ఈ రాజీయత్నమునందే దావా గడువు దాటిపోకుండ చూచుకొనవలెను.

4. మొదటినుండియు మోసగించు తలంపుతోనే సొమ్ము గుంజినట్లు ఆధారమున్నచో పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చును. మాట తప్పుట యంతయు మోసపు నేరము కాదు.

ఇండ్ల స్థలముల లేఅవుటు రిజిస్టరు కావలసినదైనచో, 2016వ సంవత్సరపు రియల్ ఎస్టేట్ చట్టము క్రింద దళారియు రిజిస్టరు కావలెను. అతనిపై ఫిర్యాదు ఆ చట్టపు అధికార సంస్థకు పోవును. కేవలము సాగుభూమి బేరమునకు ఆ మార్గము సాధారణముగా లేదు.

దళారి బండిని గుంజుకొనుటయు, అతని యింటిపైకి మందితో పోవుటయు కూడదు. అట్లు చేసిన రైతు తన న్యాయమైన బాకీని విడిచి, తానే నేరమునకు జవాబు చెప్పుకొనవలసి వచ్చును.

మేము చెప్పిన రైతు నోటీసు పంపెను. దళారి 50 వేలు చెల్లించి, మిగిలిన దానికి బాకీపత్రము వ్రాసి సంతకము చేసెను. అంతయు వచ్చునో రాదో ఇప్పుడే చెప్పజాలము గాని, చేజారనున్న గడువు మాత్రము నిలిచినది.

విత్తుటకు ముందు గుప్పెడు గింజలను తడిగుడ్డలో మూటగట్టి మొలక చూచు రైతు, బయానా యిచ్చుటకు ముందు ఎన్‌కంబరెన్సు సర్టిఫికేటును ఏల చూడకుండవలెను? రిజిస్టరు కాని తాకట్టు అందు కనబడకపోవచ్చును గనుక, మూల దస్తావేజులను గూడ అడిగి చూడవలెను. సొమ్మును యజమానునికే, బ్యాంకు ద్వారా, రసీదు పుచ్చుకొని ఇయ్యవలెను. దళారి దారి చూపవచ్చును. సంచి మాత్రము అతని చేతికి ఇయ్యరాదు.