గొలుసు పట్టే చేయి

మనిషికి జబ్బు చేస్తే చుట్టుపక్కలవారు పళ్లు తెస్తారు, మందులు తెచ్చిపెడతారు, ఆసుపత్రికి తోడు వెళతారు. ఆ ఇంటిలోని కుక్క సంగతి మాత్రం చాలామందికి తోచదు. యజమాని జబ్బు దానికి అర్థం కాదు. రోజూ వేళకు తనను బయటికి తిప్పే మనిషి మంచం దిగకపోతే అది తలుపు దగ్గరకూ మంచం దగ్గరకూ తిరుగుతూ మూలుగుతుంది. చివరకు ఆ మూలుగు వినలేక రోగి లేచి గొలుసు అందుకుంటాడు. ప్రమాదం అక్కడే ఉన్నది.

గుండెకు బైపాస్ శస్త్రచికిత్స చేసేటప్పుడు సాధారణంగా రొమ్ము ఎముకను నిలువునా కోస్తారు. అది తిరిగి అతుక్కోవడానికి కొన్ని వారాలు, ఒక్కొక్కప్పుడు మూడు నెలలు పడుతుంది. అందుకే అంతవరకు బరువులు ఎత్తవద్దని, దేనినీ బలంగా లాగవద్దని వైద్యులు హెచ్చరిస్తారు. వీధి మలుపులో పిల్లి కనబడగానే ఒక్క ఉదుటున లాగే 25 కిలోల కుక్కకు ఈ నియమం తెలియదు. తుంటి ఎముక విరిగి కోలుకుంటున్న వృద్ధురాలికైతే అటువంటి కుదుపు ఒక్కటి చాలు, మళ్లీ మంచం పట్టడానికి.

కుక్కను చూసేవారు లేరని ఆసుపత్రిలో చేరడమే వాయిదా వేసే ఒంటరివారు ఉన్నారు. తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికైనా రానన్న ధర్మరాజు కథ తెలిసిన మనకు ఆ మనసు అర్థం కాకపోదు. మరికొందరు విధిలేక ఏళ్ల తరబడి పెంచిన జంతువును ఎవరికో ఇచ్చివేస్తారు. జబ్బుకు తోడు ఒంటరితనమూ మీద పడుతుంది.

ఆ తోడు విలువను అమెరికాలో ఎరికా ఫ్రీడ్‌మన్, ఆమె సహచరులు 1980లో ప్రకటించిన ఒక పరిశీలన లోకం దృష్టికి తెచ్చింది. వారు 92 మంది హృద్రోగులను ఒక సంవత్సరంపాటు గమనించారు. పెంపుడు జంతువులున్న 53 మందిలో మరణించినవారు 3. లేని 39 మందిలో 11. ఇంత చిన్న లెక్కతో జంతువే ప్రాణం నిలిపిందని తేల్చలేము. అయినా రోగికి దక్కే తోడు కూడా పట్టించుకోదగినదేనని ఈ లెక్క వైద్యలోకానికి గుర్తుచేసింది.

బ్రిటన్‌లో ఈ అవసరాన్ని గుర్తించి 1985లో ఎవరిల్ జార్విస్ అనే మహిళ ‘సినమన్ ట్రస్టు’ను స్థాపించారు. వృద్ధులకు, నయంకాని జబ్బుతో ఉన్నవారికి ఆ సంస్థ స్వచ్ఛంద సేవకులు సహాయపడతారు. నడవలేనివారి కుక్కలను నడిపిస్తారు. యజమాని ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు జంతువును తమ ఇంట ఉంచుకుంటారు.

మన ఊళ్లలో ఈ పనికి సంస్థ కోసం ఎదురుచూడనక్కరలేదు, పొరుగువారు చాలు. అయితే “ఏదైనా కావాలంటే చెప్పండి” అన్న మాటతో పని జరగదు. అడగడానికి రోగికి మొగమాటం. “బాబాయిగారూ, రేపు ఉదయం 6 గంటలకు వచ్చి మీ రాజాను నేను తిప్పుతాను” అన్నప్పుడే ఆయన గుండె కుదుటపడుతుంది.

ఇందుకు కొన్ని జాగ్రత్తలు అవసరం. కుక్కకు రేబిస్ టీకా వేయించారో లేదో ముందే అడగాలి. మొదటిరోజు యజమాని సమక్షంలోనే దానితో పరిచయం చేసుకోవాలి. ఆయన వాడే మాటలతోనే పిలవాలి. గొలుసును మణికట్టుకు చుట్టుకోకూడదు. వీధికుక్కలు ఎక్కువగా ఉండే దారి మానుకోవాలి. వేసవిలో కాలే తారురోడ్డు దాని పాదాలను బొబ్బలెక్కిస్తుంది. కుక్క ప్రధానంగా వగర్చడం ద్వారానే ఒంటివేడి తగ్గించుకుంటుంది. కనుక ఎండ ముదరకముందే తిరిగిరావాలి. పొరపాటున కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి వైద్యుని వద్దకు వెళ్లాలి.

అన్నిటికంటె ముఖ్యం వేళ తప్పకపోవడం. మాట ఇచ్చి రెండురోజులు రాకపోతే మూడోరోజున రోగి తానే గొలుసు పట్టి మెట్లు దిగుతాడు. వారానికి మూడురోజులే వీలైతే ఆ మూడురోజులే ఒప్పుకోవడం మేలు. మిగిలినవి మరొకరు పంచుకోవచ్చు.

కోలుకునే రోగిని వైద్యులు క్రమంగా నడవమంటారు. ఆ దశలో గొలుసు సేవకుని చేతిలోనే ఉండగా యజమాని పక్కన నాలుగడుగులు వేయవచ్చు. కుక్క ఒకసారి ఇటు, ఒకసారి అటు చూస్తూ నడుస్తుంది. గొలుసును తిరిగి అందుకోవడానికి వైద్యుడు అనుమతించిన రోజున పొరుగువాని సేవ ముగుస్తుంది. స్నేహం మాత్రం అప్పటికి బాగా ముదిరి ఉంటుంది.